కంప్యూటర్ మారినా పాత ఆడియో ఇంటర్‌ఫేస్ పనిచేయాలంటే

అందరికీ నమస్కారం.

నన్ను మాట్లాడమన్న విషయం పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. కొత్త కంప్యూటర్ కొన్నాం. పాత ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి చేర్చే పెట్టె, తగిలించాం. కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టడం లేదు, లేదా అసలు తగిలించడానికి పోర్టే లేదు. ఎవరినడిగినా ఒకటే మాట అంటారు: "అది పాతదైపోయింది, కొత్తది కొనేయండి." ఆ మాట ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు. చక్కగా పాడుతున్న, చక్కగా వింటున్న ఒక పరికరాన్ని వైరు కుదరడం లేదని అటకెక్కించేస్తున్నాం. ఏళ్లతరబడి వాడినవాళ్లకి దాని ప్రీయాంప్ ఎక్కడ మెత్తగా ఉంటుందో, గెయిన్, అంటే సిగ్నల్ పెంచే మీట, ఎక్కడిదాకా తిప్పితే బుసమనే హిస్ చప్పుడు మొదలవుతుందో చేతికి తెలుస్తుంది. ఆ అలవాటు కొత్త పెట్టెతో పాటు దొరకదు.

ముందు ఆ పెట్టెలో అసలు ఏముందో చూద్దాం. మొదట మైక్ ప్రీయాంప్. మైకు నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ని అది పనికొచ్చే స్థాయికి పెంచుతుంది. దాని వెనక కన్వర్టర్ ఉంటుంది, ఆ సిగ్నల్‌ని అంకెలుగా మారుస్తుంది. ఎంత వేగంతో మార్చాలో చెప్పేది క్లాక్. ఇక్కడిదాకా శబ్దం పని. ఆ తర్వాత ఆ అంకెల్ని కంప్యూటర్‌కి చేరవేసే చిప్పు, దాని సాకెట్, అటువైపు కంప్యూటర్‌లో కూర్చుని పెట్టెతో మాట్లాడే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్. ఇదంతా రవాణా పని. 2000 దశకంలో వచ్చిన మంచి ఇంటర్‌ఫేస్‌లు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ దాకా, అంటే సెకనుకి 96 వేల శాంపిళ్లు (కొలతలు), ఒక్కోటి 24 బిట్లతో, రికార్డు చేసేవి. ఇవాళ మనలో ఎక్కువమంది 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లోనే రికార్డు చేస్తున్నాం. అంటే శబ్దం వైపు ఆ పెట్టె మన అవసరాన్ని ఇంకా తీరుస్తూనే ఉంది. కాలం చెల్లింది రవాణాకే. కాబట్టి పాత రవాణాని నిలబెట్టుకోవచ్చా, లేకపోతే ఇంకో దారిలో శబ్దాన్ని బయటికి తేవచ్చా అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

యూఎస్‌బీ సంగతి ముందు తేల్చేద్దాం, అది తేలిక. మీ పాత ఇంటర్‌ఫేస్ యూఎస్‌బీది అయితే, అందులోనూ 'క్లాస్ కంప్లయంట్' అయితే, దాదాపు ఏ చింతా లేదు. అంటే దానికి తయారీదారు ఇచ్చే ప్రత్యేకమైన డ్రైవర్ అక్కర్లేదు, ఆపరేటింగ్ సిస్టంలో ఉన్న సాధారణ డ్రైవరే సరిపోతుంది. మొదటి తరం యూఎస్‌బీ ఆడియో ప్రమాణం 1998 నాటిది, దాన్ని ఈరోజుకీ అన్ని సిస్టమ్‌లూ అర్థం చేసుకుంటాయి. రెండో తరం ప్రమాణం 2006లో వచ్చింది. మ్యాక్‌లో అది 10.6.4 నుంచే ఉంది. విండోస్‌లో మాత్రం 2017లో, విండోస్ 10 వెర్షన్ 1703తో గానీ రాలేదు. కంప్యూటర్‌కి టైప్-సీ పోర్టులే ఉంటే మామూలు టైప్-సీ అడాప్టర్ చాలు. కొన్ని పాత పెట్టెలు కొత్త యూఎస్‌బీ 3 పోర్టుల్లో టిక్ టిక్ మని చప్పుడు చేస్తాయి. అప్పుడు మధ్యలో సొంత పవర్ సప్లై ఉన్న యూఎస్‌బీ 2.0 హబ్ పెట్టి చూడండి, చాలాసార్లు అక్కడితో సర్దుకుంటుంది.

యూఎస్‌బీలోనూ ఇబ్బంది పెట్టే రకం ఒకటుంది. కొన్ని పెట్టెల్లో ఫర్మ్‌వేర్, అంటే పెట్టెని నడిపే లోపలి ప్రోగ్రాము, శాశ్వతంగా ఉండదు. తగిలించిన ప్రతిసారీ డ్రైవరే ఫర్మ్‌వేర్‌ని పెట్టెలోకి ఎక్కించాలి. ఆ డ్రైవర్ కొత్త సిస్టంలో నడవకపోతే పెట్టెకి పవర్ లైటు వెలుగుతుంది గానీ ప్రాణం రాదు. చాలామంది దీన్ని చూసి పెట్టె పాడైపోయిందనుకుంటారు. పాడవలేదు, దానికి చెప్పాల్సిన మొదటి మాట చెప్పేవాళ్లు లేరంతే.

ఇక ఫైర్‌వైర్, యూఎస్‌బీలాగే పరికరాన్ని కంప్యూటర్‌కి కలిపే ఇంకో పద్ధతి. ఈ సభలో ఉన్నవాళ్లలో చాలామంది దీనికోసమే వచ్చారని నాకు తెలుసు. 1995లో ఐఈఈఈ 1394 పేరుతో ప్రమాణమైంది. సెకనుకి 400 మెగాబిట్లు. తర్వాత 800 వచ్చింది. ఫైర్‌వైర్ మొదటి రోజుల్లో యూఎస్‌బీ వేగం 12 మెగాబిట్లే. పదహారు ఛానళ్లు ఒకేసారి రికార్డు చేయాలంటే ఫైర్‌వైర్ తప్ప గతి లేదు, అందుకే స్టూడియో పరికరాలు తయారుచేసేవాళ్లంతా దాని వెంట వెళ్లారు. ఇప్పుడు కొత్త కంప్యూటర్లలో ఆ పోర్టు కనిపించదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఒకవైపు యూఎస్‌బీ, రెండోవైపు ఫైర్‌వైర్ ఉన్న కేబుళ్లు ఆన్‌లైన్‌లో చవకగా అమ్ముతుంటారు. దయచేసి కొనకండి. ఆ కేబుల్‌లో చిప్పేమీ ఉండదు, ఈ పిన్నుని ఆ పిన్నుకి కలిపి వదిలేస్తారు. యూఎస్‌బీలో కంప్యూటర్ అడిగితేనే పరికరం మాట్లాడుతుంది. ఫైర్‌వైర్‌లో పరికరాలన్నీ సమానం, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు మాట్లాడతారు, కంప్యూటర్ మెమరీలోకి నేరుగా రాయగలరు కూడా. ఇంత తేడా ఉన్న రెండు పద్ధతుల్ని వట్టి రాగితీగ కలపలేదు.

నిజంగా పనిచేసే దారులు రెండు. డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో ఫైర్‌వైర్ కార్డు వేసుకోవచ్చు. కార్డు కొనేటప్పుడు కంపెనీ పేరు కంటే దానిమీద ఉన్న చిప్ ఎవరిదో చూడండి. ఆడియోవాళ్లు మొదటినుంచీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్న కార్డులనే కోరుకుంటారు. వేరే చిప్పులతో శబ్దం మధ్యమధ్యలో తెగిపోవడం చాలామందికి అనుభవమే. ఇక ల్యాప్‌టాప్ అయితే థండర్‌బోల్ట్ అనే వేగమైన పోర్టు దారి. థండర్‌బోల్ట్ 3 నుంచి 2కి ఒక అడాప్టర్, 2 నుంచి ఫైర్‌వైర్‌కి ఇంకో అడాప్టర్, చివర అవసరమైతే 800 నుంచి 400కి కేబుల్. చూడ్డానికి అతుకుల బొంతలా ఉంటుంది, కానీ ఆపిల్ సిలికాన్ మ్యాక్‌లలో, అంటే ఆపిల్ సొంత ప్రాసెసర్ ఉన్నవాటిలో, కూడా ఇది పనిచేసింది. ఎక్కడిదాకా? మ్యాక్‌ఓఎస్ 15 సెకోయా దాకా. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ 26 టాహో నుంచి ఆపిల్ ఫైర్‌వైర్‌ని పూర్తిగా తీసేసింది. అడాప్టర్లు ఎన్ని కలిపినా టాహోలో ఫలితం లేదు. ఫైర్‌వైర్ మీద ఆధారపడి మ్యాక్ వాడుతున్నవాళ్లు 'అప్‌డేట్' బటన్ నొక్కేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఇవాళే ఆపేయండి.

విండోస్‌లో కథ వేరు. అక్కడ ఫైర్‌వైర్ పూర్తిగా పోలేదు గానీ, చాలా ఆడియో పెట్టెలకి నప్పిన పాత 'లెగసీ' డ్రైవర్‌ని విండోస్ 8 నుంచి తొలగించారు. తర్వాత మైక్రోసాఫ్టే దాన్ని విడిగా డౌన్‌లోడ్‌కి పెట్టింది. అది వేసుకుని, డివైస్ మేనేజర్‌లో కార్డుకి ఆ డ్రైవర్‌ని ఎంచుకుంటే గొంతు పోయిందనుకున్న పెట్టెలు మళ్లీ పలికిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం గురించి మన సంగీత మిత్రులు అంతగా పట్టించుకోరు, అదే నాకు బాధ. కంపెనీలు వదిలేసిన ఫైర్‌వైర్ ఇంటర్‌ఫేస్‌లు చాలావాటికి లినక్స్ కెర్నెల్‌లోనే, అంటే ఆ సిస్టం గుండెకాయలోనే, డ్రైవర్లున్నాయి. లినక్స్‌లో ఫైర్‌వైర్ ఆడియో డ్రైవర్ల కోసం ఫాడో అనే ప్రాజెక్టు కూడా ఉంది. కెర్నెల్‌లో ఆ విభాగాన్ని చూసుకుంటున్న తకాషి సకామోటో 2029 దాకా దాన్ని నిలబెడతానని ప్రకటించారు. ప్రయత్నించడానికి కంప్యూటర్‌లో ఏదీ చెరిపేయక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ ఎక్కించి, దానితోనే కంప్యూటర్ బూట్ చేసి, పెట్టె తగిలించి, సౌండ్ సెట్టింగుల్లో కనిపిస్తోందో లేదో చూడండి. కనిపిస్తే మీ చేతిలో ఇంకొన్నేళ్లు ఉన్నట్టే.

ఫైర్‌వైర్ వాడేవాళ్లందరికీ ఇంకో జాగ్రత్త చెప్పాలి. ఆరు పిన్నుల సాకెట్‌ని దగ్గరగా పెట్టి చూడండి. పొడుగాటి పెట్టెలా ఉండి ఒక చివర మాత్రం కోసుగా ఉంటుంది. ఆ కోసుదనం వల్లే కేబుల్ ఒకే వైపు వెళ్తుంది. కానీ వాడగా వాడగా సాకెట్ చుట్టూ ఉన్న రేకు వదులవుతుంది, బల్ల వెనక చీకట్లో తడుముతూ గట్టిగా నొక్కితే తిరగబడి కూడా దూరిపోతుంది. ఆ పిన్నుల్లో రెండు పవర్ పిన్నులు, వాటిలో 30 వోల్టుల దాకా రావచ్చు. తిరగబడితే ఆ కరెంటు వెళ్లకూడని డేటా పిన్నుల్లోకి వెళ్లి పోర్టు చిప్పుని కాల్చేస్తుంది. అందుకని రెండువైపులా పవర్ ఆపేసి, టార్చి వేసుకుని, చూసి తగిలించండి.

పోర్టు దొరికినా డ్రైవర్ దగ్గర ఇంకో గండం ఉంది. పాత 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో నడవదు. ఏఆర్ఎం అనే వేరే రకం ప్రాసెసర్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ కోసం రాసిన ప్రోగ్రాములు నడుస్తాయి గానీ డ్రైవర్లు నడవవు. మ్యాక్‌లోనూ అంతే, ఆపిల్ అనువాద సాఫ్ట్‌వేర్ రోజెట్టా ఇంటెల్ ప్రోగ్రాములనే అనువదిస్తుంది, కెర్నెల్ ఎక్స్‌టెన్షన్లను, అంటే సిస్టం లోపలికి చేరే డ్రైవర్లను, కాదు. ఆపిల్ సిలికాన్‌కి తయారైన కెర్నెల్ ఎక్స్‌టెన్షన్ ఉన్నా సరే, దాన్ని అనుమతించడానికి రికవరీలోకి వెళ్లి భద్రత స్థాయిని తగ్గించాలి. విండోస్ 11లో మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ కొన్ని పాత డ్రైవర్లని లోపలికి రానివ్వదు. దాన్ని ఆపేస్తే చాలని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. రికార్డింగ్‌కే కేటాయించి, ఇంటర్నెట్ తీసేసిన కంప్యూటర్ అయితే సరే అంటాను. బ్యాంకు పనులు కూడా అదే కంప్యూటర్‌లో చేసుకునేవాళ్లకి మాత్రం ఆ సలహా నేను ఇవ్వను. ఒక ఇంటర్‌ఫేస్ కోసం అంత తలుపు తెరవక్కర్లేదు, వేరే దారి ఉంది కాబట్టి.

ఆ వేరే దారి గురించే ఇప్పుడు కాస్త నిదానంగా చెబుతాను. మీ పాత ఇంటర్‌ఫేస్ వెనక్కి తిప్పి చూడండి. చిన్న చదరపు మూత ఉన్న సాకెట్లు ఉన్నాయా? అవి ఆప్టికల్ పోర్టులు. వాటిలో చాలావరకు ఏడాట్ పద్ధతిలో పనిచేస్తాయి. అలెసిస్ కంపెనీ 1990ల మొదట్లో తన టేప్ రికార్డర్ల కోసం తెచ్చిన పద్ధతి అది. ఒక్క సన్నని కేబుల్‌లో 48 కిలోహెర్ట్జ్ దగ్గర 8 ఛానళ్లు, 24 బిట్‌తో వెళ్తాయి. 96 కిలోహెర్ట్జ్ అయితే 4. కొత్తగా వస్తున్న ఇంటర్‌ఫేస్‌లలో కూడా ఈ పోర్టు ఉంటోంది. ఏ డ్రైవరూ, ఏ ఆపరేటింగ్ సిస్టమూ దీని జోలికి రాదు. అంటే మీ పాత ఎనిమిది ప్రీయాంపుల పెట్టెని కంప్యూటర్ నుంచి పూర్తిగా విడదీసి, ఏడాట్ ఇన్ ఉన్న కొత్త రెండు మైకుల ఇంటర్‌ఫేస్‌కి జత చేస్తే మీకు పది ఇన్‌పుట్లు వచ్చినట్టే. చాలా పాత పరికరాలు ఇలా విడిగా, స్టాండలోన్‌గా, ఇంకా పదేళ్లయినా పనిచేస్తాయి.

దీనికి సిద్ధం చేయాల్సింది పాత కంప్యూటర్ ఇంకా బతికి ఉండగానే. చాలా ఇంటర్‌ఫేస్‌ల మిక్సర్ కంప్యూటర్ తెర మీద ఉంటుంది. ముందు దాన్ని తెరవండి. మొదటి మైకు ఇన్‌పుట్‌ని ఏడాట్ అవుట్ ఒకటికి, రెండోదాన్ని రెండుకి, అలా ఎనిమిదీ కలపండి. శాంపిల్ రేటు 48 పెట్టండి, క్లాక్ ఇంటర్నల్‌లో ఉంచండి. ఆప్టికల్ పోర్టుని కొన్ని పెట్టెల్లో ఏడాట్‌కీ, రెండు ఛానళ్లే పంపే ఎస్‌పీడిఫ్ అనే పద్ధతికీ మార్చుకోవచ్చు, ఏడాట్‌లో ఉందో లేదో చూసుకోండి, రెండింటికీ కేబుల్ ఒకటే కాబట్టి పైకి తేడా తెలియదు. తర్వాత ఆ సెట్టింగుల్ని పెట్టె సొంత మెమరీలో సేవ్ చేయండి. అప్పుడు పెట్టె ఆపి, కంప్యూటర్ కేబుల్ పీకేసి, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆన్ చేయండి. ఆప్టికల్ అవుట్ లోపల ఎర్రటి వెలుగు కనిపించాలి. కేబుల్‌ని టక్కుమనేదాకా నెట్టి, కొత్త ఇంటర్‌ఫేస్‌లో క్లాక్ సోర్స్‌ని ఏడాట్‌కి మార్చండి. లాక్ లైటు మినుకుమినుకుమనడం మానేసి నిలకడగా వెలిగితే పని అయినట్టే. మైకులో మాట్లాడి చూడండి.

క్లాక్ సంగతి ఎందుకంత పట్టుబడతానంటే, దాన్ని వదిలేసి తర్వాత రికార్డింగులో చిటపటలు వస్తున్నాయని తలపట్టుకునేవాళ్లు ఎక్కువ. ఏ రెండు క్లాక్‌లూ సరిగ్గా ఒకే వేగంతో నడవవు. ఇద్దరు ఒకరినొకరు వినకుండా విడివిడి గదుల్లో తాళం వేస్తే కాసేపటికి దెబ్బ తప్పుతుంది కదా, అదే ఇక్కడా జరుగుతుంది. రెండింటి మధ్య పది లక్షల్లో యాభై వంతుల తేడా ఉందనుకోండి, గంటసేపటి రికార్డింగులో అది 0.18 సెకన్లు అవుతుంది. 48 కిలోహెర్ట్జ్‌లో 8,640 శాంపిళ్లు. అందుకని ఒకరు తాళం వేయాలి, రెండోవారు అనుసరించాలి. ఈ ఏర్పాటులో పాత పెట్టె తాళం వేస్తుంది, కొత్తది అనుసరిస్తుంది.

ఏడాట్ లేకపోతే ఎస్‌పీడిఫ్ ఉందేమో చూడండి, రెండు ఛానళ్లు వస్తాయి. అదీ లేకపోతే లైన్ అవుట్ నుంచి కొత్త దాని లైన్ ఇన్‌కి బయటి చప్పుడు పట్టని బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వేయండి. మైకు ఇన్‌పుట్‌లోకి కాదు, లైన్ ఇన్‌లోకే. శబ్దం అదనంగా ఇంకోసారి అంకెలుగా మారి వస్తుంది, దాంతో నాణ్యత పోతుందని భయపడతారు. మన ఇళ్లలో ఫ్యాను చప్పుడూ, వీధి చప్పుడూ రికార్డింగులో చేసే నష్టం ముందు అది లెక్కలోకి రాదు.

పాత కంప్యూటర్‌ని తీసేసేముందు చేయాల్సినవి ఇంకా ఉన్నాయి. డ్రైవర్ ఇన్‌స్టాలర్లు, ఫర్మ్‌వేర్ అప్‌డేటర్, మాన్యువల్ ఇప్పుడే దాచుకోండి. తయారీదారుల సైట్లలో పాత పేజీలు చెప్పకుండా మాయమవుతాయి. మిక్సర్ తెరలన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీయండి. ప్లగిన్ల (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి జతచేసే చిన్న ప్రోగ్రాముల) లైసెన్సులు ఆ కంప్యూటర్ మీద ఉంటే డీయాక్టివేట్ చేయండి. అన్నిటికన్నా ముఖ్యం, మీ పాత ప్రాజెక్టుల్లో ప్రతి ట్రాక్‌నీ పాట మొదటి క్షణం నుంచి చివరిదాకా ఒకే పొడుగు వేవ్ ఫైలుగా బయటికి తీసిపెట్టండి. 2019లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ కాటలీనాతో 32 బిట్ ప్రోగ్రాములు నడవడం ఆగిపోయింది, వాటితో పాటు ఎన్నో ప్లగిన్లు పోయాయి. ప్రాజెక్టు ఫైలు తెరుచుకున్నా రివర్బ్ (ప్రతిధ్వని) ప్లగిన్ ఉన్నచోట ఖాళీ పెట్టె కనిపిస్తుంది. వేవ్ ఫైలు మాత్రం ఏ సిస్టంలోనైనా, ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకుంటుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ట్రాకు గంటకి అర జీబీ కంటే కాస్త ఎక్కువ, అంతే. చోటు గురించి లోభించకండి.

కొందరికి అన్నిటికన్నా మంచి దారి, పాత కంప్యూటర్‌ని అలాగే ఉంచేయడం. కొత్తది మిక్సింగుకి, పాతది రికార్డింగుకి మాత్రమే. దాన్ని ఇంటర్నెట్ నుంచి తీసేయండి, అప్‌డేట్లు ఆపేయండి. తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే ఎస్ఎస్‌డీకి మార్చి, పాత డిస్క్ మొత్తానికి ఒక ఇమేజ్, అంటే అచ్చమైన నకలు, తీసుకోండి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ తప్పు చూపిస్తోందంటే మదర్‌బోర్డు మీద ఉన్న నాణెం లాంటి బ్యాటరీ అయిపోయినట్టు, చాలా డెస్క్‌టాపుల్లో అది సీఆర్2032. ఫైళ్లు మోయడానికి పెన్‌డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, పొడుగాటి కచేరీ రికార్డింగు దగ్గర అది దెబ్బకొడుతుంది.

పవర్ అడాప్టర్ల గురించి కూడా ఒక్కమాట. పాత పెట్టెలు చావడానికి కారణం చాలాసార్లు వాటి వయసు కాదు, ఎవరో తెలియక పెట్టిన వేరే అడాప్టర్. ప్లగ్గు సరిపోయింది కదా అని పెట్టకండి. అడాప్టర్ వెనక చిన్న అక్షరాల్లో అవుట్‌పుట్ అని ఉన్న వరుస చదవండి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి. మధ్య పిన్ను ప్లస్సా మైనస్సా అన్న గుర్తు కలవాలి. కొన్ని పాత ఆడియో పెట్టెలకి అవుట్‌పుట్ కూడా ఏసీయే ఉంటుంది, దానికి డీసీ అడాప్టర్ పెడితే పనిచేయదు. డీసీ పెట్టెకి ఏసీ పెడితే కాలిపోవచ్చు. ఏ అడాప్టర్ ఏ పెట్టెదో దానిమీద కాగితం అంటించి రాసిపెట్టండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి: కొత్త కంప్యూటర్‌లోనే వర్చువల్ మెషీన్ పెట్టి, అందులో పాత విండోస్ నడిపితే సరిపోదా?)

వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్. కొంతవరకు సరిపోతుంది. యూఎస్‌బీ పరికరాన్ని వర్చువల్ మెషీన్‌లోకి అందించవచ్చు. పాత మిక్సర్ తెర తెరిచి, సెట్టింగులు మార్చి, పెట్టెలో సేవ్ చేయడానికి అది చక్కటి ఉపాయం. రికార్డింగుకి మాత్రం వాడకండి, శబ్దం సమయానికి అందక తెగిపోతుంటుంది. ఫైర్‌వైర్ పెట్టెలకి ఈ ఉపాయం పనికిరాదు, మామూలుగా మనం వాడే వర్చువల్ మెషీన్లు ఫైర్‌వైర్‌ని లోపలికి అందించవు.

(సభ నుంచి: సెకండ్ హ్యాండ్‌లో ఫైర్‌వైర్ ఇంటర్‌ఫేస్‌లు చాలా చవకగా వస్తున్నాయి. కొనవచ్చా?)

కంప్యూటర్‌కి తగిలించే ఉద్దేశంతో అయితే వద్దు. ఇంట్లో ఉన్నదాన్ని కాపాడుకోవడం వేరు, కొత్తగా ఆ చిక్కులోకి దిగడం వేరు. ప్రీయాంపుల కోసం, ఏడాట్ ద్వారా వాడుకోవడానికి అయితే నిస్సంకోచంగా కొనండి, అంత మంచి బేరం ఇంకెక్కడా దొరకదు. కాకపోతే అమ్మేవాళ్ల దగ్గరే ఒక పరీక్ష చేయాలి. కంప్యూటర్ ఏదీ లేకుండా పెట్టెని ఒక్కదాన్నే ఆన్ చేయమనండి. మైకు పెట్టి, ఏడాట్ అవుట్ నుంచి శబ్దం వస్తోందో లేదో వినండి. తర్వాత ప్లగ్గు తీసేసి, కాసేపాగి మళ్లీ పెట్టి, అదే శబ్దం వస్తోందో చూడండి. సెట్టింగులు మర్చిపోతే ఆ మోడల్‌కి స్టాండలోన్‌లో నడిచే శక్తి లేదని అర్థం కావచ్చు, లేదా ఎవరూ సేవ్ చేసి ఉండకపోవచ్చు. మాన్యువల్‌లో 'స్టాండలోన్' అన్న మాట వెతకండి. అది ఉంటే, సేవ్ చేయడానికి ఫైర్‌వైర్ ఉన్న పాత కంప్యూటర్ ఒక్క పూట దొరికితే చాలు, స్నేహితుల దగ్గర అరువు తెచ్చుకున్నదైనా సరే.